దారులూ రెక్కలూ – 9: అడిగేవాడు లేని రోజులు

పోయిన భాగంలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం దగ్గర ఆగాం. 1919లో కుర్ర సైనికాధికారిగా ఆయన సైన్యపు లారీల బిడారుతో వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరాడు. బురదలో దిగబడుతూ, లేస్తూ, చివరికి 62 రోజులకు చేరాడు. ఆ ప్రయాణం మనసులో నాటుకుపోయిందేమో, 1956 జూన్ 29న ఆసుపత్రిలో ఉండగానే 41 వేల మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం పెట్టేశాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1958 అక్టోబరులో, పాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 707 జెట్‌ను న్యూయార్క్ నుంచి పారిస్‌కు నడిపింది. నేల మీద ఒక దారి, నింగిలో ఒక దారి. రెండూ ఇంచుమించు ఒకేసారి తెరుచుకున్నాయి.

పగ్గాలు పడడం కూడా అలాగే జంటగా జరిగింది. విమానానికి 1973 జనవరి 5న, కారుకు 1974 జనవరి 2న. మధ్యలో ఏడాది కూడా నిండలేదు. మొదటి పగ్గానికి అమెరికా జనం మారుమాట్లాడకుండా తలవంచారు. రెండోదాన్ని దాదాపు ఇరవై రెండేళ్లపాటు రోజూ తెంపుతూనే ఉన్నారు. అదే జనం, అదే కాలం. మరి ఇంత తేడా ఎందుకొచ్చినట్టు?

ఒకే నెలలో రెండు పరుగులు

1971 నవంబరు మధ్యలో ఒక రాత్రి. న్యూయార్క్‌లోని రెడ్ బాల్ గ్యారేజీ దగ్గర కొన్ని బళ్లు పోగయ్యాయి. ఫెరారీ ఉంది, వ్యాన్ ఉంది, మంచాలూ వంటగదీ ఉన్న మోటార్ హోమ్ ఉంది. కాలిఫోర్నియాలో అప్పగించమని యజమాని నమ్మి చేతికిచ్చిన కాడిలాక్‌ను నేరుగా పందెంలోకి దించిన ఘనులూ ఉన్నారు. చేరాల్సింది ఖండానికి అవతలి ఒడ్డున, లాస్ ఏంజెలెస్ పక్కనున్న రెడోండో బీచ్‌కి. ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. ఎంత వేగంతో పోవాలో అసలే చెప్పరు.

ఈ పందెం పెట్టినవాడు 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక సంపాదకుడు బ్రాక్ యేట్స్. 1933లో ఒంటరిగా యాభై మూడు గంటల చిల్లరలో ఖండం దాటిన కానన్‌బాల్ బేకర్ పేరు దానికి పెట్టాడు. పైకి అది పాత వీరుడికి నివాళి. లోపలున్నది మాత్రం ప్రభుత్వంతో తగాదా.

ఆ తగాదా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1965లో రాల్ఫ్ నేడర్ అనే యువ న్యాయవాది, అమెరికా కార్లు ప్రమాదకరమని తెలిసే కంపెనీలు వాటిని అమ్ముతున్నాయంటూ ఒక పుస్తకం రాశాడు. దానికి జవాబు చెప్పుకోవాల్సిన జనరల్ మోటార్స్ అతని వెనక ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టింది. బండారం బయటపడి, 1966లో ఆ కంపెనీ అధ్యక్షుడు సెనేట్ కమిటీ ముందు నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీ ఒంటరి మనిషి ముందు ఓడిపోయిన ఆ ఏడాదే మోటారు వాహనాల భద్రతా చట్టం వచ్చింది. 1968 నుంచి కొత్త కార్లలో సీటు బెల్టు తప్పనిసరి. బెల్టు ఉండాలన్నారే కానీ, పెట్టుకోవాలని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి న్యూయార్క్ రాష్ట్రంలోనే 1984 దాకా పట్టింది.

యేట్స్ లాంటి వాళ్ల దృష్టిలో నేడర్ ఒక పంతులు. బండి నడపడం చేతనైనవాడికి ప్రభుత్వం పాఠాలు చెప్పనక్కర్లేదన్నది వాళ్ల వాదం. అది నిరూపించడానికి యేట్స్ తన ఫెరారీలో పక్కన కూర్చోబెట్టుకున్నది 1967లో లె మాన్స్ పందెం గెలిచిన డాన్ గర్నీని. ఇద్దరూ కలిసి 2,900 మైళ్లకు దగ్గరి దూరాన్ని 35 గంటల 54 నిమిషాల్లో దాటేశారు. పెట్రోలుకు ఆగిన వేళలు కూడా కలుపుకుని సగటున గంటకు 80 మైళ్లు, అంటే దాదాపు 130 కిలోమీటర్లు! దారి మొత్తం మీద పడింది ఒక్క చలానా.

ఆ ఫెరారీ గమ్యం చేరి వారం తిరిగిందో లేదో, నవంబరు 24న, దేశానికి మరో మూలనున్న పోర్ట్‌లండ్ విమానాశ్రయంలో నల్ల టై కట్టుకున్న ఒక మనిషి కౌంటర్ దగ్గరికొచ్చాడు. ఇరవై డాలర్లిచ్చి సియాటిల్‌కి టికెట్ కొన్నాడు. పేరు డాన్ కూపర్ అన్నాడు, రాసుకున్నారు. కార్డు చూపమనలేదు, చేతిలో పెట్టె తెరవమనలేదు. ఆ పెట్టెలో ఏముందో కాసేపట్లో చెప్పుకుందాం. అడగకపోవడం ఆ రోజుల్లో ఎంత మామూలో ముందు తెలియాలి.

టికెట్ తర్వాత, ఎక్కడం ముందు

1961 ఏప్రిల్ 30న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ సంస్థ న్యూయార్క్, బోస్టన్, వాషింగ్టన్ల మధ్య ఒక కొత్త సర్వీసు మొదలుపెట్టింది. దాని పేరు షటిల్. రిజర్వేషన్ లేదు. నేరుగా వచ్చి విమానంలో కూర్చోవడమే. గాల్లోకి లేచాక పరిచారికలు తోపుడు బండి తోసుకుంటూ వరసవరసకీ వచ్చి డబ్బులు వసూలు చేసుకునేవారు. మన పల్లెవెలుగు బస్సులో కండక్టరు టికెట్లు కొట్టినట్టే, కాకపోతే వేల అడుగుల ఎత్తున. ఇంకో మాట కూడా ఇచ్చారు: వచ్చినవాళ్లందరికీ సీటు గ్యారంటీ. విమానం నిండిపోయి ఒక్కడు మిగిలిపోతే, ఆ ఒక్కడి కోసం ఇంకో విమానం తీసేవాళ్లు. ఖాళీ విమానాలూ సిబ్బందీ అందుకే సిద్ధంగా ఉండేవారు.

ఈ దర్జా ఎలా సాధ్యమైందంటే, ఆ రోజుల్లో టికెట్ ధర కంపెనీల చేతిలో లేదు. 1938లో పుట్టిన పౌర విమానయాన బోర్డు ఏ దారిలో ఎవరు తిరగాలో, ఎంత తీసుకోవాలో నిర్ణయించేది. ధర తగ్గించి పక్కవాడి ప్రయాణికుణ్ణి లాక్కునే వీల్లేదు. పోటీ పడాలంటే మిగిలింది తిండి, సీట్లు, పరిచారికల యూనిఫారాలు. 1958లో అట్లాంటిక్ మీద అసలు సాండ్‌విచ్ అంటే ఏమిటన్నదాని మీదే యుద్ధం జరిగింది. చవక తరగతిలో సాండ్‌విచ్ మాత్రమే పెట్టాలని కంపెనీలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. స్కాండినేవియా సంస్థ రొట్టె ముక్క మీద మాంసం, చేపలు పేర్చి అదే సాండ్‌విచ్ అంది. అది సాండ్‌విచ్ కాదు, భోజనమని పాన్ అమెరికన్ ఫిర్యాదు చేసింది. పెద్దమనుషులు కూర్చుని దీని మీద తీర్పు కూడా చెప్పారు. జంబో జెట్ వచ్చాక అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఏకంగా విమానం వెనక భాగంలో పియానో పెట్టి లాంజ్ నడిపింది.

విమానాశ్రయం అంటే అప్పట్లో ఊళ్లో జనం సరదాగా వెళ్లే చోటు కూడా. సాగనంపడానికి వచ్చిన తాతలు, అమ్మమ్మలు విమానం తలుపు కనిపించేంత దూరం నడిచి వెళ్లేవారు. మేడ మీద నిలబడి విమానాలు చూడడానికి పిల్లల్ని తీసుకొచ్చేవారు. ప్రయాణంలో పిల్లలకి పైలట్ గది చూపించి, చొక్కాకి రెక్కల బిళ్ల తగిలించి పంపడం మర్యాద. మీ పేరు మీద ఉన్న టికెట్‌తో మీ బావమరిది వెళ్లినా అడిగేవాడు లేడు.

రోడ్డు మీద కూడా సందడి తక్కువేం కాదు. 1970లో గ్యాలన్ పెట్రోలు సగటున 36 సెంట్లు. బంకులోకి కారు రాగానే కుర్రాడు పరుగెత్తుకొచ్చి పెట్రోలు పోసి, అద్దం తుడిచి, ఆయిల్ చూసేవాడు. చమురు కంపెనీలు రోడ్డు మ్యాపులు ఊరికే ఇచ్చేవి. పొడుగాటి స్టేషన్ వ్యాగన్ వెనక దుప్పటి పరిచి పిల్లల్ని పడుకోబెట్టి రాత్రంతా నడిపేవారు. ఆ పిల్లలకి బెల్టు లేదు, సీటూ లేదు. నెవాడా, మోంటానా రాష్ట్రాల్లో ఊళ్లు దాటాక పగటివేళ వేగానికి అంకె పరిమితే ఉండేది కాదు.

ఇదంతా చదువుతుంటే మనకీ కాస్త ఊరిస్తుంది. అయితే ఆ రహదారి అందరిదీ కాదన్న సంగతి మరిచిపోతే చరిత్రకి అన్యాయం చేసినవాళ్లమవుతాం. న్యూయార్క్ హార్లెమ్‌లో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి ఏటా ఒక చిన్న పుస్తకం అచ్చేసేవాడు. నల్లజాతివాళ్లకి ఏ ఊళ్లో గది ఇస్తారు, ఏ హోటల్లో అన్నం పెడతారు, ఏ బంకులో పెట్రోలు పోస్తారు అన్న వివరాలే అందులో ఉండేవి. తెల్లవాడికి చమురు కంపెనీ ఇచ్చే మ్యాపు చాలు. నల్లవాడికి ఈ పుస్తకం కూడా చేతిలో ఉండాలి. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక గానీ దాని అవసరం తగ్గలేదు. విమానంలో నవ్వుతూ పియానో పక్కన నిలబడే పరిచారిక కథా అంతే. పెళ్లయితే ఉద్యోగం పోయేది, చాలా కంపెనీల్లో ముప్పై రెండేళ్లు దాటినా పోయేది, బరువు పెరిగినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక టికెట్ ధర పెట్టగలిగిన అమెరికన్లే అప్పట్లో తక్కువ. 'స్వర్ణయుగం' అని నిట్టూర్చేవాళ్లలో ఎక్కువమంది తాతలు ఆ విమానం ఎక్కనే లేదు.

హవానా సర్వీసు

ఇప్పుడు ఆకాశం కథ. 1961 మే 1న ఫ్లోరిడాలో కీ వెస్ట్‌కి వెళ్లే చిన్న విమానంలో ఒకడు కత్తి తీసి, క్యూబాకి పోనిమ్మన్నాడు. అమెరికా విమానాన్ని దారి మళ్లించడం అదే మొదలు. అతను టికెట్ కొన్న పేరు ఎల్‌పిరాటా కోఫ్రెసీ. కోఫ్రెసీ అంటే కరీబియన్ సముద్రంలో పేరుమోసిన ఓడల దొంగ. అంటే 'సముద్రపు దొంగ' అని సాక్షాత్తూ పేరు చెప్పి టికెట్ అడిగితే కూడా కౌంటర్ వెనక ఎవరూ తలెత్తి చూడలేదన్నమాట.

ఆ ఏడాదే విమాన దోపిడీని ఘోర నేరం చేస్తూ, మరణశిక్ష దాకా విధించేలా చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, విమానం తలుపు దగ్గర ఎవరూ లేరు. 1968 నుంచి 1972 చివరి దాకా 130కి పైగా అమెరికా విమానాలను ఇలా దారి మళ్లించారు. కొన్ని నెలల్లోనైతే వారానికి ఒకటి. ఇంటి మీద బెంగ పెట్టుకున్న క్యూబా కాందిశీకులు, పోలీసుల నుంచి పారిపోతున్నవాళ్లు, విప్లవం కోసం వెళ్తున్నామనుకున్న కుర్రాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, అందరి చూపూ హవానా వైపే. అక్కడి పాలకుడు క్యాస్ట్రో పూలదండ వేస్తాడనుకున్నారు. వెళ్లినవాళ్లలో చాలామందికి దక్కింది అనుమానంతో కూడిన విచారణ, జైలు, చెరుకు తోటల్లో పని.

విమాన కంపెనీల స్పందనే ఈ కథలో అసలు రుచి. ఎదురు తిరగొద్దు, అడిగిన చోటికి తీసుకెళ్లండి అని పైలట్లకు చెప్పేశాయి. ఎటు వెళ్లే విమానమైనా సరే, అలాస్కా వైపు వెళ్లేదైనా సరే, కాక్‌పిట్‌లో కరీబియన్ మ్యాపు పెట్టుకున్నారు. స్పానిష్ రాని పైలట్ల కోసం అచ్చేసిన వాక్యాల కార్డులిచ్చారు. విమానాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి స్విట్జర్లాండ్ రాయబార కార్యాలయం ద్వారా ఒక పద్ధతి ఏర్పడింది. క్యూబా ప్రభుత్వం ఒక్కో విమానానికి 7,500 డాలర్ల దాకా బిల్లు వేసేది. ప్రయాణికులు ఒక రాత్రి హవానాలో ఉండి, చుట్టలూ రమ్మూ కొనుక్కుని వచ్చి స్నేహితులకి కథలు చెప్పేవారు. దక్షిణ ఫ్లోరిడాలో హవానా విమానాశ్రయానికి నకలు కట్టి, దొంగల్ని అక్కడ దింపితే ఎలా ఉంటుందని కూడా ప్రభుత్వం ఆలోచించింది. ఖర్చెక్కువని మానుకుంది.

ప్రతి ప్రయాణికుణ్ణీ వెతకడం ఒక్కటే మందని అందరికీ తెలుసు. కంపెనీలే ఒప్పుకోలేదు. వాళ్ల లెక్క వాళ్లది. ఏడాదిలో కొన్ని విమానాలు హవానా వెళ్లొస్తే అయ్యే ఖర్చు కంటే, అన్ని ఊళ్లలో అన్ని గేట్ల దగ్గర మనుషుల్ని, యంత్రాల్ని పెట్టే ఖర్చు చాలా ఎక్కువ. పైగా చేతిసంచి తెరవమంటే మర్యాదస్తుడైన ప్రయాణికుడు అవమానపడి కారెక్కి పోతాడని భయం. ఆనాటి స్వేచ్ఛని కాపాడింది రాజ్యాంగం కాదు, ఆదర్శం కాదు, కంపెనీ పద్దుల పుస్తకం. ఈ మాట చేదుగా ఉండొచ్చు గానీ, ఆ పదేళ్ల చరిత్ర అంతా అదే చెబుతోంది. మధ్యే మార్గంగా 1969లో ఒక మనస్తత్వవేత్త సాయంతో అనుమానితుల లక్షణాల జాబితా తయారుచేశారు. ఆ జాబితాకి సరిపోయిన కొద్దిమందినే లోహ పరీక్ష యంత్రం ముందు నిలబెట్టేవారు. మిగతావాళ్లకి దండం పెట్టి లోపలికి పంపడమే.

అదే ఏడాది అక్టోబరు 31న వియత్నాం నుంచి తిరిగొచ్చిన రాఫేల్ మినికియెల్లో అనే ఇటలీ కుర్రాడు లాస్ ఏంజెలెస్‌లో విమానం ఎక్కి, తుపాకీ చూపించి, డెన్వర్, న్యూయార్క్, ఐర్లండ్ మీదుగా రోమ్ దాకా తీసుకెళ్లాడు. పిల్లవాడు ఇంటికొచ్చాడని ఇటలీ జనం మురిసిపోయారు. ఏడాదిన్నర జైల్లో ఉండి బయటికొచ్చేశాడు. అప్పటికింకా హైజాక్ అంటే సగం నేరం, సగం వినోదం.

డాన్ కూపర్‌తో ఆ వినోదంలోకి డబ్బు వచ్చి చేరింది. విమానం లేచాక పెట్టె తెరిచి, లోపలున్న ఎర్ర గొట్టాలూ తీగలూ పరిచారికకు చూపించాడు. రెండు లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు కావాలన్నాడు. సియాటిల్‌లో సొమ్ము అందగానే ప్రయాణికుల్ని వదిలేసి, విమానాన్ని మళ్లీ లేపమన్నాడు. బోయింగ్ 727కి వెనక తోక కింద మెట్లుంటాయి. ఆ వానలో, ఆ చీకట్లో, ఆ మెట్లు దించి దూకేశాడు. మనిషి దొరకలేదు. 1980లో కొలంబియా నది ఒడ్డున ఇసుక తవ్వుతున్న ఒక పిల్లాడికి 5,800 డాలర్ల నోట్లు దొరికాయి. మిగతాది ఏమైందో తెలియదు. 2016లో ఎఫ్‌బీఐ కూడా చేతులెత్తేసింది. కూపర్ బతికాడో పోయాడో గానీ, అతని పద్ధతి మాత్రం బతికింది. మరుసటి ఏడాది డబ్బూ పారాచూటూ అడిగేవాళ్లు వరస కట్టారు.

పద్దుల పుస్తకం తిరగబడింది 1972 నవంబరు 10న. ముగ్గురు మనుషులు తుపాకులతో సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని పట్టుకుని కోటి డాలర్లు అడిగారు. ఇవ్వకపోతే టెనెసీలోని ఓక్ రిడ్జ్ అణుకేంద్రం మీద కూల్చేస్తామన్నారు. విమానం ఊరి నుంచి ఊరికి తిరుగుతూ హవానా వెళ్లింది. అక్కడా కుదరక మళ్లీ అమెరికా వచ్చింది. ఫ్లోరిడాలో ఎఫ్‌బీఐ వాళ్లు టైర్లు కాల్చేశారు. కోపంతో హైజాకర్లు సహ పైలట్‌ను చేతి మీద కాల్చి, టైర్లు లేని విమానాన్నే లేపించి రెండోసారి హవానాలో దించారు. ఇంతకాలం పోయేది విమాన కంపెనీ సొమ్మే. అణుకేంద్రం మాట వినపడగానే లెక్క మారిపోయింది. నెల తిరక్కుండా, డిసెంబరు 5న, ఫెడరల్ విమానయాన సంస్థ ఉత్తర్వు ఇచ్చింది: 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతిసంచినీ తనిఖీ చేయాల్సిందే.

కంపెనీలు భయపడినట్టు జనం తిరగబడ్డారా? లేదు. సంచులు తెరిచి చూపించారు, జేబుల్లో చిల్లర తీసి పళ్లెంలో వేశారు, యంత్రం కింద నడిచారు. ఫిబ్రవరిలో క్యూబాతో ఒప్పందం కూడా కుదిరాక హవానా దారి దాదాపు మూతపడింది. పదేళ్లుగా ఏ పని అసాధ్యమని సెనేట్ ముందు వాదించారో, అది ఒక్క నెలలో జరిగిపోయింది.

యాభై అయిదు

ఆ ఏడాది అక్టోబరులో అరబ్బులకీ ఇజ్రాయెల్‌కీ యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌కి ఆయుధాలు పంపినందుకు అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. పీపా మూడు డాలర్లుండే ముడి చమురు, కొత్త సంవత్సరం వచ్చేసరికి పదకొండు దాటింది. ఆదివారాలు బంకులు మూసేయమని అధ్యక్షుడు నిక్సన్ కోరాడు. చాలా రాష్ట్రాల్లో నంబరు ప్లేటు సరి అంకెతో ముగిసేవాళ్లకి ఒక రోజు, బేసివాళ్లకి మరో రోజు. తెల్లవారకముందే బంకు దగ్గర వరస. పక్కింటివాడు గొట్టం పెట్టి లాగేస్తాడన్న భయంతో ట్యాంకు మూతలకి తాళాలు.

సరిగ్గా ఆ రోజుల్లో అమెరికాలో కుదురుకుంటున్న తెలుగువాళ్లు కొందరున్నారు. 1965 వలస చట్టం తలుపు తీశాక డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లినవాళ్లు. మన ప్రభుత్వం విదేశీ మారకం కింద అనుమతించిన ఎనిమిది డాలర్లతో దిగినవాళ్లు. బస్సులు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లలో వాళ్లు ముందుగా కొనాల్సింది పాత కారే. కిరసనాయిలు కోసం, రేషన్ బియ్యం కోసం నిలబడ్డ అనుభవమున్న వాళ్లకి ఆ పెట్రోలు వరస కొత్తగా అనిపించి ఉండదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వరసలో నిలబడని అమెరికన్‌కి మాత్రం అది లోకం తలకిందులైనట్టే.

1974 జనవరి 2న నిక్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. దేశమంతటా ఏ రోడ్డు మీదైనా గంటకు 55 మైళ్లే గరిష్ఠ వేగం. ఒప్పుకోని రాష్ట్రానికి రహదారుల నిధులు ఆపేస్తారు. డెబ్బై, ఎనభై మైళ్ల కోసం కట్టిన రోడ్ల మీద 55!

లారీ డ్రైవర్ల కడుపు మండింది. వాళ్లకి కూలి మైలు లెక్కన. వేగం తగ్గితే రోజు తగ్గుతుంది, డీజిలు ధర చూస్తే పెరుగుతోంది. చట్టం రాకముందే, డిసెంబరులో, పెన్సిల్వేనియాలో రోడ్డు మీద లారీలు అడ్డంగా ఆపేశారు. ఒకరినొకరు పిలుచుకోవడానికి వాడింది సీబీ రేడియో. లైసెన్సు పేరు చెప్పకుండా మారుపేర్లతో మాట్లాడుకునేవారు. పోలీసు ఏ వంతెన చాటున నక్కాడో, ఏ బంకులో డీజిలుందో ఆ రేడియోలోనే తెలిసేది. రెండేళ్లలో అది లారీల నుంచి మామూలు కార్లలోకి పాకింది. 'కాన్వాయ్' అన్న లారీ డ్రైవర్ల పాట 1976 జనవరిలో దేశంలో నంబర్ వన్. చివరికి అధ్యక్షుడు ఫోర్డ్ భార్య బెటీ ఫోర్డ్ కూడా 'ఫస్ట్ మామా' అనే మారుపేరుతో సీబీలో మాట్లాడింది. చట్టాన్ని అమలు చేయాల్సిన వాడి ఇంట్లోనే, చట్టాన్ని తప్పించుకునే పరికరం!

రాష్ట్రాలూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. మోంటానాలో 55 దాటినవాడికి ఇంధనం వృథా చేశావంటూ అయిదు డాలర్ల జరిమానా వేసేవారు. అక్కడికక్కడే కట్టేసి మళ్లీ అదే వేగంతో పోవచ్చు. 1974 మోడల్ కార్లలో బెల్టు పెట్టుకోకపోతే ఇంజను స్టార్ట్ కాని ఏర్పాటు చేశారు. జనం ఎంతగా మండిపడ్డారంటే, 1974 ముగియకముందే కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది.

నిజానికి ప్రాణాల లెక్క చూస్తే రోడ్డు మీదే పగ్గం ఎక్కువ అవసరం. 1972లో అమెరికా రోడ్ల మీద 54 వేలమందికి పైగా చనిపోయారు. ఆ పదేళ్ల హైజాక్‌లన్నీ కలిపినా చావులు అందులో లెక్కలోకి రానంత. 1974లో రోడ్డు మరణాలు 45 వేల చిల్లరకి దిగాయి. అందులో వేగం తగ్గడం వల్ల ఎంత, పెట్రోలు దొరక్క బళ్లు కదలకపోవడం వల్ల ఎంత అన్నదాని మీద వాదన జరిగింది. అయినా తొమ్మిది వేల ప్రాణాలు తక్కువ మాట కాదు. ఆ అంకె చూసే చమురు వచ్చాక కూడా చట్టాన్ని ఉంచేశారు. జనం మాత్రం ఆ అంకె వైపు చూడలేదు.

నాకు తోచేది ఇది. విమానంలో మనిషి సీటు నంబరు. నడిపేది ఎవరో, ఎటు తిప్పుతున్నారో తెలియదు. భయం వేస్తే చేయగలిగిందీ లేదు. కాబట్టి పక్కవాడి సంచి తెరుస్తారంటే తన సంచి కూడా తెరవడానికి ఒప్పుకున్నాడు. కారులో చక్రం తన చేతిలో ఉంది. అక్కడ ప్రమాదమంటే పక్కవాడు చేసేదే, తనకి ఎప్పుడూ నైపుణ్యమే. అందుకే తొమ్మిది వేల ప్రాణాలు చూపించినా కాలు యాక్సిలరేటర్ మీంచి తీయలేదు. 1987లో పల్లెదారుల మీద 65కి పెంచారు, 1995 నవంబరు 28న క్లింటన్ సంతకంతో దేశవ్యాప్త పరిమితి మొత్తం పోయింది. విమానాశ్రయంలో తనిఖీ మాత్రం ఒక్క మెట్టు కూడా కిందికి దిగలేదు. టికెట్ లేనివాళ్లు గేటు దాకా వెళ్లే అలవాటు 1973 తర్వాత కూడా పాతికేళ్లకు పైగా మిగిలి, 2001 సెప్టెంబరు 11తో అదీ పోయింది.

అమెరికా తన గేట్ల దగ్గర యంత్రాలు పెట్టడానికి రెండేళ్ల ముందే, మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి శ్రీనగర్ నుంచి జమ్మూకి బయల్దేరి లాహోర్‌లో దిగింది. తేదీ 1971 జనవరి 30, విమానం పేరు గంగ. దాన్ని మళ్లించింది ఒక బొమ్మ తుపాకీ. దాని పర్యవసానం ఢాకా దాకా పాకింది. దాదాపు ఎనిమిదేళ్లకు, 1978 డిసెంబరులో, లక్నో నుంచి ఢిల్లీ వెళ్లే విమానాన్ని ఇంకో బొమ్మ తుపాకీ, ఒక క్రికెట్ బంతి దారి మళ్లించాయి. ఆ పని చేసిన ఇద్దరూ ఆ తర్వాత ఎమ్మెల్యేలు కూడా అయ్యారు. ఆ ఇద్దరి కథ, బేగంపేట నుంచి రెక్కలు కట్టుకున్న దక్కన్ ఎయిర్‌వేస్ కథ, అంబాసిడర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మన పెద్దల కథ వచ్చే భాగంలో.